మూడు కాపీల బాబాయ్

మా బాబాయ్ చేతికొచ్చిన ఏ కాగితమూ కాపీ తీయించుకోకుండా బయటపడలేదు. ఒకటి కాదు, మూడు. లాండ్రీ రసీదైనా, పళ్ళ డాక్టరు చీటీ అయినా మూడు కాపీలు పడాల్సిందే. ఒకసారి ఎవరో శుభలేఖ ఇస్తే మూడు కాపీలు తీసుకుని, అసలుది వాళ్ళకే తిరిగిచ్చేశారు.

బాబాయ్ అంటే నాకు చుట్టమేం కాదు. ఈ పరాయి దేశంలో నా పక్క గదాయన. ఇంట్లోనే కూర్చుని మందుల కంపెనీల కాగితాలు అనువాదం చేస్తారు. నేనూ అంతే, గదిలోంచే ఇంకో దేశపు కంపెనీకి వెబ్‌సైట్లు చేస్తాను.

నా వీసా గడువు ఇంకా పంతొమ్మిది రోజులుందనగా ఆయన నా పాస్‌పోర్టు తిరగేసి కళ్ళజోడు పైకి నెట్టారు.

"అమ్మాయ్, ఇది ఇంక నాలుగు నెలలే బతుకుతుంది."

"నాలుగు నెలలుందిగా బాబాయ్!"

"వీసా పొడిగించాలంటే ఆరుండాలి. వాళ్ళ లెక్కలో ఇది పోయినట్టే. నువ్వింకా ఏడవలేదంతే."

వీసా లేకపోతే మా కంపెనీ ఒక్క రోజు కూడా పనిలో ఉంచుకోదు.

మర్నాడే మన రాయబార కార్యాలయానికి లాక్కెళ్ళి కొత్త పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టించారు. పాతది వాళ్ళే ఉంచుకుంటారట. ఇచ్చే ముందు దాన్ని అక్కడి జిరాక్స్ మెషిన్ మీద పెట్టి, అట్ట నుంచి అట్ట దాకా మూడేసి కాపీలు లాగించారు.

"ఖాళీ పేజీలు కూడానా?"

"ఖాళీగా ఉన్నాయనడానికి రుజువేదీ?"

వెనక నిలబడ్డవాళ్ళు పళ్ళు నూరుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండు వారాలైనా కొత్త పాస్‌పోర్టు రాలేదు. "పద, వీసా ఆఫీసులో నాకూ పనుంది" అంటూ బాబాయ్ కూడా బయల్దేరారు. కౌంటర్లో ఆవిడ కంపెనీ ఉత్తరం, అద్దె కాగితం, ఇన్సూరెన్సు అన్నీ చూసి చెయ్యి చాపింది.

"పాస్‌పోర్టు?"

"కొత్తదానికి ఇచ్చానండీ. ఇదిగో రసీదు."

"రసీదొక్కటే చాలదు. పాతదాని ప్రతి పేజీ కాపీ కావాలి. ఖాళీవి కూడా."

బాబాయ్ నావైపు చూడనైనా చూడలేదు. మూడు కట్టలు బల్ల మీద పెట్టి, మీసం మాత్రం సవరించుకున్నారు. ఆవిడ రసీదు మీద రెండు నెలలు ఉండొచ్చని ముద్ర కొట్టింది. నాకు ఊపిరొచ్చింది.

"ఇప్పుడు మీ పని కానివ్వండి బాబాయ్" అని పక్కకి జరిగాను.

ఆవిడ నవ్వింది. "ఈయనకి ఇక్కడ పనేముంది? శాశ్వత నివాసం వచ్చి నాలుగేళ్ళయింది. వారం వారం ఎవరో ఒకరిని వెంటబెట్టుకొస్తారు, ప్రతిసారీ తన పనేనంటారు."

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా నడిచారు. మెట్ల మీద అందుకున్నాను.

"ఎందుకు బాబాయ్, ఆ అబద్ధం?"

"నీకోసమంటే వద్దంటావుగా. మొదటిసారి నేనొక్కణ్ణే వచ్చాను. ఒక కాగితం తక్కువైందని పంపించేశారు. ఈ మెట్ల మీదే మధ్యాహ్నం దాకా కూర్చున్నా. అడుగుదామంటే తెలిసిన మొహం ఒక్కటీ లేదు."

ఆయన మొహంలోకే చూస్తుండిపోయాను.

"అలా చూడకు. మంగళవారం కింది ఇంటి నర్సమ్మని తీసుకురావాలి. ఆవిడ నా మాట వినదు. నువ్వూ రా."

"నాకేం పనుందని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. కాస్త నమ్మేలా ఉండాలి సుమా! నాకెటూ అబద్ధాలు చేతకావని ఇందాక తేలిపోయిందిగా."