ఊడ్వని గది

కూతురి కాన్పుకని జనగామ నుంచి ఇంగ్లండ్ వచ్చిన మా పెద్దమ్మ, తిరిగి వెళ్లేముందు లండన్‌లో నేను చదువుకుంటూ ఉంటున్న గదిలో నాలుగు రోజులుంది. ఒక్క మంచం పట్టే గది. మంచం ఆమెకిచ్చి నేను కింద పడుకున్నాను. వెంట తెచ్చిన సకినాలు మంచం మీదే కూర్చుని తినేది. పొడంతా నేల మీద రాలేది.

"గింత గదిల ఒక్కదానివి ఎట్లుంటున్నవ్ బిడ్డా? మాట్లాడెటోళ్లున్నరా?" అని రోజూ అడిగేది. ఉన్నారని అబద్ధం చెప్పీ చెప్పీ నాకు ఒళ్లు మండేది.

విమానాశ్రయంలో విడిచిపెట్టినప్పుడు, "నేను ఇల్లు చేరేదాంక గది ఊడ్వకు. పయనమైనోళ్ల ఎనక ఊడ్వొద్దు" అంది. ఈ పట్టింపులంటే నాకు చిరాకు. అయినా గదికి తిరిగొచ్చాక చీపురు ముట్టలేదు.

మర్నాడు జనగామ నుంచి ఫోన్ చేసింది. "మంచిగ చేరిన బిడ్డా. ఇగ ఊడ్సుకో."

సరేనని చీపురు అందుకున్నాను. మంచం కింద సకినాల పొడి, అందులో ఆమె తెల్ల వెంట్రుక ఒకటి కనిపించాయి.

చీపురు మూలన పెట్టేసి, పెద్దమ్మ ఇంకా దారిలోనే ఉందనుకున్నాను.