ఆగ్నేయం మూల ఎవరిది?

మా పలమనేరు కాలనీలో మూతపడిన పాలకేంద్రం గదిని అందరూ పనిచేసుకునే వర్క్‌షాపుగా మారుస్తున్నాం. ఏ మిషను ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఈ రోజు సుద్దముక్కతో నేలంతా గీతలు గీశాం. గదికి ఉన్నది ఒకటే కిటికీ, అదీ ఆగ్నేయం మూల. రవికెలు కుట్టే రాజమ్మకు చూపు తగ్గింది. ఆ వెలుతురు లేకపోతే సూదిలో దారం ఎక్కదు. వెల్డింగు పని చేసే సుబ్బారెడ్డికి వాస్తు పిచ్చి. అతను మాత్రం పట్టు వదల్లేదు.

“ఆగ్నేయం అగ్గి మూల. ఆడ వెల్డింగే పెట్టాల.”

రాజమ్మ ముఖం వాడిపోయింది. నేను అందుకున్నాను.

“ఏమప్పా, రాజమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టె అగ్గి కాదా?”

“అగ్గే తాతా. అదీ ఆడనే ఉండాల.”

“ఇస్త్రీ ఒక మూల, కుట్టేది ఇంకో మూల అంటే ఆయమ్మ పొద్దస్తమానం ప్రదక్షిణాలు చేయాల్నా? రెండూ ఆడనే పెట్టు. వెల్డింగు బయట రేకుల కింద పెట్టుకో, బయటికి వాస్తు లేదులే!”

సుబ్బారెడ్డి గడ్డం గోక్కుని, ఆ మూల వెల్డింగుకని గీసిన సుద్దగీతను కాలితో చెరిపేశాడు.

రాజమ్మ వెంటనే కిటికీ కింద కూర్చుని సూదీ దారం తీసింది. నాలుగు మంచి మాటలు వినిపిస్తాయని పక్కనే నిలబడ్డాను.

“మామా, వెలుతురుకు అడ్డం ఉండావు. పక్కకు జరుగు!”

గెలిపించినవాడికి దక్కిన మర్యాద ఇదీ. మీరైతే నన్ను ఏ మూల కూర్చోబెడతారో చెప్పండి.