గేదె ఎరువు

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నా మీద పడొద్దు: నేను పెంచి చెప్పే మనిషిని. వయసులో ఉండగా బెజవాడలో ఒక బట్టల కొట్లో గజంబద్ద పట్టాను. గుడ్డ కొలిచేటప్పుడు యజమాని కోసం బెత్తెడు తగ్గించడం అక్కడ అలవాటైంది. ఆ బెత్తెళ్లన్నీ లోకానికి తిరిగి ఇచ్చేద్దామని మాటలు కొలిచేటప్పుడు మూరెడు కలుపుతూ వస్తున్నాను. కాబట్టి గేదె ఏనుగంత ఉందని రాస్తే మీరు గేదెగానే చదువుకోండి. గేదె గేదెంతే ఉందని రాస్తే మాత్రం అనుమానించండి.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. నాకు కొత్తగా పెళ్లయింది. అత్తవారిది గన్నవరం పక్కన చిన్న పల్లె. బెజవాడలో తెల్లటి పంచెతో బస్సెక్కేవాణ్ని. దిగేసరికి ఆ బొగ్గుమసికి నన్ను మా ఆవిడ కూడా గొంతు విని పోల్చుకునేది.

మామగారికి కాలవ కింద వరి పొలాలుండేవి. అత్తగారికి మాత్రం రెండెకరాల మెట్టచెక్క. పెళ్లిలో వాళ్లమ్మ పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. అందులో మొక్కజొన్న వేసేవారు. ఆవిడ కాపరానికొచ్చిన కొత్తలో ఒక్కో పొత్తును ఇద్దరు కూలీలు చెరో కొసా పట్టుకుని మోసేవారట. నేను అల్లుణ్నయ్యే నాటికి ఆ పొత్తులు చిక్కి చిక్కి, చెవులకు తగిలించుకుంటే జూకాలకు సరిపోయేంతకి వచ్చాయి. కొసన గింజే ఉండేది కాదు. ఆకుల అంచులు ఎవరో వరసగా చుట్ట పెట్టి కాల్చినట్టు మాడిపోయేవి. దంటులో బలం లేదు. గట్టు మీద నిలబడి ఎవరైనా గట్టిగా తుమ్మితే నాలుగు వరసలు ఒరిగేవి. జలుబు చేసినవాళ్లు ఆ దారిన పోకూడదని అత్తగారి ఆజ్ఞ.

ఎందుకలా అయిందో ఆవిడకు తెలుసు. ఏటా పొత్తులు విరవగానే గుణదల నుంచి ఒక పాల ఆసామి బళ్లు వచ్చేవి. ఆయనకు అక్కడ పెద్ద గేదెల పాక. మామగారు చొప్ప మొత్తం, రాలిన ఆకు కూడా ఏరించి, ఆ బళ్లకెత్తించేవారు. మిగిలిన మోళ్లు పీకి పొయ్యిలోకి. ఇంట్లో ఎడ్ల పేడంతా వరి పొలానికి. చేలో చివరికి మిగిలేది ఎండ ఒక్కటే. దాన్ని కూడా ఎత్తే బండి దొరికితే మామగారు పంపేసేవారే.

చొప్పకు బదులు ఆసామి నెయ్యి పంపేవాడు. నెయ్యంటే మామగారికి ప్రాణం. ఆయన అన్నంలో నెయ్యి వేసుకునేవారు కాదు, నేతిలో అన్నం వేసుకునేవారు. చేను ఏడాదికేడాది చిక్కిపోతుంటే, ఆయన బొజ్జ ఏడాదికేడాది కొత్త గట్లు వేసుకుంటూ పెరిగింది.

ఆ ఏడు కొట్టు యజమాని ఇంట్లో పెళ్లని నాకు కొన్నాళ్లు సెలవు దొరికింది. అత్తవారింటికి వెళ్లేసరికి పొత్తులు విరిచి అరుగు మీద పోశారు. ఎలక చూసినా జాలిపడే పొత్తులవి. భోజనాల దగ్గర మామగారు తేల్చేశారు.

"ఇంకొక్క పంట చూస్తానే. అదీ ఇట్టాగే వస్తే ఆ చెక్క అమ్మేద్దాం. గొడ్డుబోయిన నేలని ఎన్నాళ్లు దున్నుతాం?"

అత్తగారి చేతిలో నేతి గరిటె ఆగిపోయింది.

"నా చేను గొడ్డుబోలేదండీ. దాని సారం ఎక్కడికీ పోలా. అదుగో, మీ మొలతాడు మీద కూర్చునుంది."

"అల్లుడుగారి ముందు ఏవిటే ఆ మాటలు?"

"అల్లుడుగారికీ కళ్లున్నాయిగా. కనపడుతూనే ఉంటది."

నేను విస్తట్లో ములక్కాడను చాలా శ్రద్ధగా పరిశీలించాను. ఆవిడ గరిటె మళ్లీ గిన్నెలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయారు. వాళ్లమ్మ చేతిమీదుగా వచ్చింది లోకంలో ఆ చెక్క ఒక్కటే. అది అమ్మేస్తామన్న రోజున ఆవిడ అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున పెరట్లో నన్ను పిలిచారు.

"అల్లుడుగారూ, మీ మామగారితో అనొద్దు. గుణదల దాకా వెళ్లి ఆ ఆసామితో ఒక మాట చెప్పి రావాలి. చొప్ప బళ్లు పంపేటప్పుడు ఖాళీగా పంపొద్దు, గేదె ఎరువు వేసి పంపమని చెప్పండి. మా చేలో తిన్నదేగా, మా చేనుకి కాస్త తిరిగిరావద్దూ?"

"దానికేముందండీ," అన్నాను. పట్నం అల్లుణ్ని, చెయ్యలేనిది ఏముంటుంది?

ఇక్కడొక చిక్కుంది. నేను ఇస్త్రీ చొక్కా మనిషిని. పేడ అనే మాట నా నోటి నుంచి అంతవరకు రాలేదు. అత్తగారు వాడిన మర్యాదైన మాట పట్టుకుని వెళ్లాను. అయితే పొలంలో వేసేదీ ఎరువే, పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చి, పెళ్లికి పెట్టుకుని మళ్లీ ఇచ్చేసే నగా ఎరువే. ఒకే మాట రెండు పనులు చేస్తోందన్న సంగతి నాకు తట్టలేదు.

గుణదలలో ఆసామి పాక ముందు నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. వెనక గేదెలు. ఒక్కొక్కటీ కొండపల్లి కొండంత.

"మా అత్తగారికి గేదె ఎరువు కావాలటండీ," అన్నాను.

ఆయన మంచం మీంచి లేచాడు. "ఎరువా! ఎన్నాళ్లకి బాబూ?"

పేడకి గడువుంటుందని నాకేం తెలుసు? "మీరు వెనక్కి అడగనన్నాళ్లు," అన్నాను దర్జాగా.

"పాడివా, వట్టిపోయినవా?"

అందులో ఇన్ని రకాలుంటాయని అప్పుడే విన్నాను. "ఏవైనా ఒకటేనండీ. మావాళ్లకి పాలతో పనిలేదు."

"మరి మేత ఎవరిది?"

చొప్ప సంగతి అడుగుతున్నాడనుకున్నాను. "ఎప్పుడూ మాదే కదండీ!"

ఆసామి కండువాతో కళ్లొత్తుకున్నాడు. "మీ అత్తగారిది ఎంత చల్లని మనసు బాబూ! ఈ రోజుల్లో గడ్డిపోచ దొరక్క నేను పడే బాధ ఆ తల్లికి ఎట్టా తెలిసింది? ఎన్ని పంపమన్నారు?"

"ఎంత ఉంటే అంత. చేను నిండాలట."

"చేను నిండానే! రేపు తెల్లారకముందే నడిపిచ్చుకొచ్చేస్తా."

పేడను నడిపించుకురావడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. కాని కొత్తల్లుడు అర్థం కానిదాన్ని అడగడు. గంభీరంగా తలూపి వచ్చేశాను.

మర్నాడు మామగారు వీధరుగు మీద వేపపుల్ల నములుతుండగా భూమి కంపించింది. గన్నవరంలో దిగే యుద్ధ విమానాలేమోనని ఊరంతా ఆకాశం వైపు చూసింది. వచ్చింది రోడ్డు మీద. నల్లగా, వరసగా, రోడ్డంతా తనదే అన్నట్టు గేదెల మంద. నా లెక్కకి అవి వంద. మామగారి లెక్కకి లంక మీదికొచ్చిన వానర సైన్యం. గేదెల లెక్కకి మాత్రం పదకొండు.

ముందు నడుస్తున్న ఆసామి దణ్ణం పెట్టాడు. "తెచ్చానండీ, ఎరువు."

మామగారి నోట్లోంచి వేపపుల్ల జారిపోయింది. "ఎవడడిగాడయ్యా?"

"మీ అల్లుడుగారే. మేత కూడా మీదేనన్నారు."

మామగారు నా వైపు చూశారు. నేను గేదెల వెనక్కి వెళ్లి నిలబడ్డాను. దాక్కోవడానికి అంత అనువైన జంతువు మరొకటి లేదు.

అత్తగారు గడప దాటి వచ్చి, గేదెల్ని చూసి, ఆసామిని చూసి, గేదె వెనక తెల్లగా కనపడుతున్న నా పంచెను చూసి నవ్వడం మొదలెట్టారు. ఆ నవ్వు ఏలూరు దాకా వినిపించింది.

"నేను ఎరువడిగితే మీరు ఎరువు తెచ్చారా అల్లుడుగారూ!"

"తోలెయ్యవయ్యా వెనక్కి," అన్నారు మామగారు. "చొప్ప నీకిచ్చేదేగా, బళ్లు పంపించుకో."

"ఆగండి," అన్నారు అత్తగారు, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "చొప్ప బండెక్కి గుణదల పోవాల. గేదె తినాల. పేడ మళ్లీ బండెక్కి రావాల. ఇప్పుడు గేదే కాళ్లతో నడిచొచ్చింది. వద్దంటారేందండీ? చేలోనే కట్టేద్దాం. అక్కడే తింటయ్, అక్కడే వేస్తయ్."

"గొర్రెల మంద కడతారని విన్నాను గానీ, గేదెల మంద ఎక్కడన్నా కడతారటే?"

"ఇంకొక్క పంట చూస్తానన్నారుగా. ఆ పంట దాకా చేను నాదేగా?"

మామగారు చాలాసేపు బొజ్జ నిమురుకున్నారు. ఆయనకు అసలు బాధ వేరే ఉంది. "మరి నా నెయ్యో?" అన్నారు చివరికి, గొంతు తగ్గించి.

"నెయ్యికేం లోటండీ," అన్నాడు ఆసామి. "మేత మీరు చూడండి, నెయ్యి నేను చూస్తా."

అలా గేదెలు చేలో దిగాయి. గుంజలు పాతి వరసగా కట్టేవారు. రోజూ ఆ గుంజలు పీకి పక్కకు జరిపి మళ్లీ పాతేవారు. ఒక్క జానెడు నేల కూడా వాటి ప్రసాదానికి నోచుకోకుండా ఉండకూడదని అత్తగారి పట్టుదల. అవి నమిలి వదిలేసిన దంటు మొదళ్లు కాళ్ల కింద పడి, పేడలో కలిసి, నేలలోకి దిగిపోయేవి. మోళ్లు పొయ్యిలోకి తేవద్దని ఆవిడ ఇంట్లో అందరికీ చెప్పేశారు. మధ్యాహ్నాలు వాటిని కాలవకు తోలే పని నాది. అవి నీళ్లలో దిగగానే కాలవ మట్టం పెరిగి, కింద ఊళ్లవాళ్లు వరదనుకుని మూటలు సర్దుకునేవారు.

ఆ మందలో ఒకటి చూడిది. చెప్పాపెట్టకుండా, ఒక ఉదయం చేలోనే ఈనింది. దూడ లేచి నిలబడీ నిలబడకముందే అత్తగారు చెంబు పట్టుకుని వెళ్లారు. ఆ పూట జున్ను వండారు. బెల్లం, మిరియాలు, యాలకులు. ఆ వాసనకు వీధి వీధంతా గిన్నెలతో వచ్చి వరసకట్టింది. ఎవరింట్లో ఏ గిన్నె పెద్దదో ఊరికి ఆ రోజే తెలిసింది. ఎప్పుడూ మాట్లాడుకోని దాయాదులిద్దరు ఒకే అరుగు మీద కూర్చుని తిన్నారు. మామగారు ఒక ముక్క తిన్నారు, రెండోది తిన్నారు, తరవాత గిన్నెనే ఒళ్లో పెట్టుకున్నారు.

"ఏవండీ, తోలేద్దామా గేదెల్ని?" అన్నారు అత్తగారు.

"నోట్లో జున్నుండగా మాట్లాడించకే," అన్నారాయన.

చొప్ప అయిపోయాక ఆసామి వచ్చి గేదెల్ని తోలుకుపోయాడు. తొలకరికి దున్నితే నాగలి వెన్నలో దిగినట్టు దిగిందట. నేను బెజవాడ నుంచి ఎప్పుడు వెళ్లినా, బస్సు దిగి ముందు చేను దగ్గరికే పరిగెత్తేవాణ్ని. ఆకు నల్లగా నిగనిగలాడుతోంది. అంచుల్లో కాలిన మచ్చ లేదు. కంకి వేసే నాటికి ఆ చేలోకి వెళ్లినవాళ్లు దారి తప్పి, మూడో రోజున ఉంగుటూరులో తేలేవారు.

పొత్తులు విరిచే రోజున అందరం గట్టు మీద చేరాం. మామగారు ఒక పొత్తు విరిచి, పై రేకలు ఒలిచారు. కొసదాకా గింజ. మరొకటి ఒలిచారు. అదీ అంతే. అక్కడే నాలుగు పుల్లలు వేసి కాల్చి, ఒకటి తిని, ఊరందరి ముందూ పెద్ద గొంతుతో అన్నారు:

"ఏమే, నీ చేను నిలబడిందే. దాని తిండి దానికి పెట్టకపోవడం నాదే పొరపాటు. ఇక అమ్మే మాటెత్తను."

ఊరంతా చప్పట్లు కొట్టింది. పైన పోతున్న విమానం ఒకటి ఒంగి చూసి వెళ్లింది.

ఇప్పుడు ఒప్పుకోవాలి. గేదెలు నిజం, పదకొండే. జున్ను నిజం. నేను ఎరువుకి వెళ్లి ఎరువు తెచ్చిన మాట నా కర్మకొద్దీ అక్షరాలా నిజం. విమానం కూడా ఇంచుమించు నిజమే, ఒంగడం ఒక్కటే నాది. పూర్తిగా కల్పించింది మామగారి ఆ మాట. ఆయన ‘నాదే పొరపాటు’ అని జన్మలో ఎవరితోనూ అనలేదు. ఆ రోజు జరిగింది ఇదీ. పొత్తు తిని, చెయ్యి పంచెకు తుడుచుకుని, ఇంటికెళ్లి గోడకు చేరేసిన గుంజల కట్ట భుజానికెత్తుకుని మళ్లీ చేను వైపు బయల్దేరారు.

"ఎక్కడికండీ?" అన్నారు అత్తగారు.

"ఆసామికి కబురంపా. ఈసారి పడమటి మూల నుంచి కడదాం. అక్కడ నేల ఇంకా పల్చగానే ఉంది."

"సుత్తి మర్చిపోయారు," అంటూ ఆవిడ సుత్తి పట్టుకుని ఆయన వెనకాలే వెళ్లారు.