వాసన చెప్పినవాళ్ళకే హారన్

జీపు ముందు సీటు విప్పిన రోజున మా షెడ్డంతా మామిడి వాసన వేసింది. అచ్చంగా మామిడి అని కూడా అనలేను. గ్రీజూ, కిరసనాయిలూ, ఎలుకలు కొరికేసిన కొబ్బరి పీచూ, వాటన్నిటి అడుగున ఎక్కడో పాత వరిగడ్డిలో మాగిన రసం వాసన. సీటు కింద రేకు మీద, తుప్పులో అతుక్కుపోయి ఒక టెంక కనబడింది. ఎండి బూడిద రంగుకి తిరిగినా పీచు మాత్రం ఇంకా నిక్కబొడుచుకునే ఉంది. స్పానరు పక్కన పడేసి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంటే, మా ఆయన గుమ్మంలో నిలబడి, దాన్ని పారేస్తావా, దానికీ పెయింటు వేయిస్తావా అని అడిగాడు. ఆయన వెటకారం ఆయనది. నేను జీపు పని మొదలుపెట్టినప్పటి నుంచీ జీపు నీడలోనూ ఆయన కారు ఎండలోనూ ఉంటున్నాయి మరి.

ఆ జీపు మా తాతయ్యది. నేను పుట్టక ముందే ఎక్కడో మిలిటరీ వేలంలో కొని, తోలుకుంటూ నూజివీడు తెచ్చాడట. తలుపులు లేవు, టాపు లేదు, ముందు అద్దం మడిచి బానెట్ మీద పడుకోబెట్టి ఉండేది. వానొస్తే టార్పాలిన్, ఎండొస్తే నెత్తి మీద తువ్వాలు. మా నాయనమ్మ ఒక్కసారి ఎక్కి, చేటలో బియ్యంలా ఎగరేసిందని చెప్పి, మళ్ళీ జన్మలో ఎక్కలేదు. పిల్లలం మేం మాత్రం దాన్ని దిగేవాళ్ళం కాదు. షెడ్డులో ఆగి ఉన్నా అందులోనే ఆటలు, అందులోనే అలకలు, మధ్యాహ్నం అందులోనే నిద్ర. వేసవి వచ్చిందంటే దాని వెనక భాగమంతా వరిగడ్డి పరిచి రసాలు మాగేసేవాళ్ళు. ఇంట్లో అంత చల్లటి చోటు ఇంకొకటి లేదని తాతయ్య వాదన. ఆ గడ్డి చెమ్మకీ, కాయల తొడిమల నుంచి కారే సొనకీ రేకు తినేసుకుపోయి, ఇప్పుడు చూస్తే సరిగ్గా మామిడికాయలు పరిచినంత మేర జల్లెడ అయిపోయి ఉంది. వెల్డింగు చేయడానికి మైలవరం నుంచి వచ్చినతను చూసి, దీనికి ఏం తగిలిందమ్మా అని అడిగితే, రసాలు తగిలాయి అని చెప్పాను.

తాతయ్య కళ్ళకి నీటికాసులు వచ్చి చూపు మసకబారాక జీపు ఎవరు తోలాలన్న సమస్య వచ్చింది. మా నాన్నకి సైకిలంటేనే భయం. అప్పుడు ముందుకొచ్చింది మా రాజ్యం అత్త. నాన్నకి అక్క. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే తీరిక దొరకలేదని చెప్పేది. తీరిక దొరకలేదన్న మాట ఒక విధంగా నిజమే. తోట పనంతా ఆవిడదే. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, జడ ముడేసుకుని ఆవిడ స్టీరింగు ముందు కూర్చుంటే, పక్క సీట్లో తాతయ్య కాళ్ళతో లేని బ్రేకు తొక్కుతూ ఉండేవాడు. ఎవరైనా ఎదురై పలకరిస్తే, డ్రైవింగు నాదే, అమ్మాయి ఊరికే చక్రం తిప్పుతోంది అనేవాడు. అత్త ఒక్కనాడూ కాదనలేదు.

నేర్చుకునే రోజుల్లో అత్త జీపుని తోటలో చెట్ల వరసల మధ్య తోలేది. ఒకసారి క్లచ్ అనుకుని ఏదో తొక్కింది. జీపు వెళ్ళి నడివయసు చిన్నరసం చెట్టుని బంపరుతో గుద్దింది. బెరడు జానెడు మేర ఊడిపోయి తెల్లటి చెక్క బయటపడింది. అత్త ఇంటికి వచ్చి అన్నం తినలేదు. చెట్టు చచ్చిపోతుంది, నా చేతుల్లో చచ్చిపోతుంది అని కూర్చుంది.

ఇక్కడ మా వైపు ఒక పద్ధతి చెప్పాలి. తోటని పూత మీదే అమ్మేస్తారు. బేరగాడు వచ్చి పూత చూసి ధర కట్టి, తాంబూలం పుచ్చుకున్నాడంటే ఆ కాపు అతనిది. తోట మనదే, కాయ మాత్రం మనది కాదు. గాలికి రాలిన కాయ ఏరుకోవాలన్నా అతన్ని అడగాల్సిందే. అందుకని బేరంలోనే ఇంటివాళ్ళు తమ కోసం ఒక చెట్టు విడిగా ఉంచుకుంటారు. తోట మొత్తంలో నంబర్ వన్ చెట్టునే ఎవరైనా ఉంచుకుంటారు, మేమూ అంతే. ఆ ఏడాది బేరగాడు దెబ్బ తగిలిన చెట్టుని చూసి, ఇది కాయదండీ, దీన్ని లెక్కలోంచి తీసేయండి అన్నాడు. తాతయ్య కనబడని కళ్ళతో అటు తిరిగి, తీసేయక్కర్లేదు, అదే మా ఇంటి చెట్టు అన్నాడు. పంచదారలాంటి కాయలు కాసే చెట్టుని బేరగాడికి వదిలేసి గుద్దేసిన చెట్టుని ఉంచుకున్నాడని నాయనమ్మ నెల రోజులు సణిగింది. అత్త మాత్రం ఆ సాయంత్రం అన్నం తింది. ఆ చెట్టు ఆ వేసవిలో అంతంతమాత్రం కాసింది, తర్వాతి ఏడు విరగ్గాసింది. దాని పేరు జీపు చెట్టు అయిపోయింది. ఆ పైన మేం ఇంకో చెట్టుని ఇంటికి ఉంచుకోలేదు.

సెలవుల్లో సాయంత్రం పూట తోటకి వెళ్ళడమే మాకు పండగ. రెడ్డిగూడెం వైపు ఎర్రమట్టి రోడ్డు, రెండు పక్కలా తోటలు, పైన కొమ్మలు కలిసిపోయి దారంతా నీడ. నేను అత్తకీ తాతయ్యకీ మధ్య గేరు రాడ్డు మోకాలికి కొట్టుకుంటూ కూర్చునేదాన్ని, వెనక సెలవులకి వచ్చిన బాబాయి పిల్లలు. చేతిలో ఉప్పూకారం అద్దిన కలెక్టరు మామిడికాయ ముక్కలు, ఉగాది దాటిన రోజులైతే నాయనమ్మ కట్టిచ్చిన బొబ్బట్లు, మాగాయ ముక్కలు ఎండబెట్టే రోజులైతే జేబుల్లో దొంగతనంగా పోసుకొచ్చిన ఆ ముక్కలే. తాతయ్య ఒక ఆట పెట్టాడు. తలుపుల్లేని జీపు కదా, గాలి మొహానికి కొడుతుంది. కళ్ళు మూసుకుని ఇప్పుడు పక్కనున్నది ఏ తోటో వాసన బట్టి చెప్పాలి. ముందు చెప్పినవాళ్ళకే హారన్ కొట్టే అధికారం. బంగినపల్లి అయితే కమ్మగా తేనెలా, పెద్దరసాలైతే ముక్కు పట్టుకుని లాగినట్టు, కలెక్టరు అయితే పచ్చిపచ్చిగా. పూత రోజుల్లో ఇంకా కష్టం, తేనెటీగల రొద తప్ప తేడా తెలిసేది కాదు. ఎక్కువసార్లు తాతయ్యే గెలిచేవాడు. గెలిచి, నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి స్టీరింగు మధ్యన ఉన్న హారన్ మీద పెట్టేవాడు. అది ఆవు అరిచినట్టు మోగేది. తాతయ్యకి తెలిసేది వాసన కాదు, దారిలో గుంటలని అత్త తర్వాతెప్పుడో నాకు చెప్పింది. చెప్పకపోయినా బాగుండేది.

తాతయ్య పోయాక కూడా అత్త ఏళ్ళ తరబడి ఆ జీపులోనే తోటకి వెళ్ళేది. ఆ పక్క సీట్లో మమ్మల్ని కూర్చోనిచ్చేది, తను మాత్రం ఏనాడూ కూర్చోలేదు. అటువంటిది మొన్నీమధ్య బాత్రూములో జారిపడి కుడి భుజం విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ బలం తిరిగి రాలేదు. పాత జీపు స్టీరింగంటే బావిలోంచి బిందె తోడినంత పని. ఒకరోజు గేటు దాకా తిప్పలేక దిగిపోయింది. షెడ్డు తలుపు మూసేసింది, తోటకి వెళ్ళడమే మానేసింది. మా కారులో తీసుకెళ్తానని ఎంత బతిమాలినా రాలేదు.

"పక్కన కూర్చుని వెళ్ళే దారి కాదే అది. నాకు చూపించడానికి తీసుకెళ్ళినట్టు ఉంటది," అంది.

సరిగ్గా అప్పుడే తోట మాట వచ్చింది. తామర పురుగు వచ్చి పూతంతా మాడ్చేస్తోంది, మందులు కొట్టీ కొట్టీ నాన్న విసిగిపోయాడు. చుట్టుపక్కల అందరూ మామిడి కొట్టేసి పామాయిల్ వేసేశారు. ఈ కాపు కాగానే మనమూ కొట్టేద్దామని నాన్న చెబితే అత్త అడ్డు చెప్పలేదు. సరేరా అంది, అంతే. ఆ సరే విన్న రాత్రి నాకు ఏడుపొచ్చింది. ఈ కాపు అయ్యేలోగా అత్త తనంతట తాను జీపు తోలుకుంటూ ఆ తోటకి ఒక్కసారి వెళ్ళాలి. లేకపోతే తోట ఆవిడకి చెప్పకుండా పోయినట్టే. మర్నాడే షెడ్డు తలుపు తీశాను.

నేను కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. స్పానరు పట్టుకోవడం తప్ప తక్కినదంతా పుస్తకంలో తెలుసు. ఫోనులో వీడియోలు చూసుకుంటూ, బోల్టులకి నూనె పోసి తెల్లారేదాకా నానబెడుతూ, మా ఆయన్ని టార్చి పట్టుకోమని తిడుతూ ఇంజను దింపించాను, ఎక్కించాను. వేరే బండి నుంచి తీసిన పవర్ స్టీరింగు పెట్టించాను, వేలితో తిప్పితే తిరిగేలా. ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు, కొత్త స్ప్రింగులు, పెద్ద టైర్లు, ఎక్కడానికి కాలి మెట్టు. అత్తకి దుమ్ము పడదని, ఎండ తగలకూడదని, గట్టి టాపు బిగించి అద్దాల తలుపులు పెట్టించి ఏసీ కూడా వేయించాను. మా ఆయన చూసి, ఇప్పుడు మన కారు కంటే ఇదే బావుంది అన్నాడు. నాకు గర్వంగానే అనిపించింది.

రసాలు కోతకి వచ్చిన రోజుల్లో ఒక సాయంత్రం అత్త చేతిలో తాళం పెట్టాను. చాలాసేపు జీపు చుట్టూ తిరిగింది. ఎక్కింది. స్టీరింగు అటూ ఇటూ తిప్పి చూసి, చిన్నపిల్లలా నవ్వింది. తాతయ్య సీట్లో నేను కూర్చున్నాను. ఊరు దాటాం, రెడ్డిగూడెం రోడ్డెక్కాం. ఏసీ చల్లగా వస్తోంది, లోపల మాట వినబడేంత నిశ్శబ్దం. ఆవిడ మొహంలో నవ్వు కాస్త కాస్తగా పోవడం చూస్తూనే ఉన్నాను, ఎందుకో మాత్రం తెలియలేదు. భుజం నొప్పేమోనని భయపడ్డాను. రోడ్డు పక్కకి తీసి ఆపేసింది.

"బావుందే. చాలా బావుంది. కానీ ఎక్కడున్నామో తెలియట్లేదు నాకు," అంది.

నా నెత్తిన నేనే కొట్టుకోవాలనిపించింది. ఇన్ని నెలలు కష్టపడి, ఆవిడ ఏ గాలి కోసం వెళ్తుందో ఆ గాలికే తలుపులు బిగించాను. డిక్కీలో స్పానర్లు ఉన్నాయి. అక్కడే రోడ్డు పక్కన తలుపులు రెండూ ఊడదీసి వెనక పడేశాను, ముందు అద్దం బోల్టులు తీసి బానెట్ మీద పడుకోబెట్టాను. టాపు తీయడం నా ఒక్కదాని వల్ల కాలేదు, దాన్ని దాని కడ్డీల మీదే ఉండనిచ్చాను. అత్త దిగకుండా, అది కాదు ఆ పక్కది అని చెబుతూ కూర్చుంది.

గాలి వచ్చింది. దుమ్మూ వచ్చింది. కానీ చాలా దూరం మామిడి వాసన రాలేదు. దారంతా పామాయిల్ మట్టలే. అయినా అత్త స్పీడు తగ్గిస్తూ, ఇవి బంగినపల్లి, ఇక్కడ పెద్దరసాలు, ఇదిగో ఇక్కడ కలెక్టరు, అని చెప్పుకుంటూ పోయింది. ఒక్క చెట్టు లేదు అక్కడ. ఒక్కటీ తప్పు చెప్పలేదు. మలుపు తిరిగాక ఒక్కసారిగా మొహం మీదికి చిన్నరసాల వాసన కొట్టింది. మా తోట.

జీపు చెట్టు దాకా తోలుకెళ్ళి బంపరు దాదాపు ఆనేలా ఆపింది. మచ్చ పెదాలు మూసుకున్నట్టు మూసుకుపోయి ఉంది గానీ ఉన్నచోటే ఉంది. టైర్లు పెద్దవి వేయించడం వల్ల బంపరే పైకి వెళ్ళింది.

"ఇప్పుడు గుద్దితే ఇంకో మచ్చ పడుద్ది," అని నవ్వి, దిగి, అరచెయ్యి ఆ మచ్చ మీద ఆనించి చాలాసేపు నిలబడింది. ఏడ్చిందేమో, నేను అటు చూడలేదు. కాసేపటికి ఒక కాయ కోసి, తొడిమ గిల్లి సొన నేల మీద కార్చి, నాకిచ్చింది.

కాపు అయ్యాక తోట కొట్టేశారు. ఆ ఒక్క చెట్టూ ఉంచుదామని నాన్న అంటే అత్తే వద్దంది. ఒంటరిగా ఉన్నదానికే పురుగంతా పట్టుద్ది, దాన్ని బాధపెట్టకండి అంది. ఇప్పుడు అక్కడ మోకాలెత్తు పామాయిల్ మొక్కలు. షెడ్డులో టాపూ తలుపులూ గోడకి ఆనించి ఉన్నాయి, ఏసీ పైపులు ఊరికే వేలాడుతున్నాయి. టెంకని మళ్ళీ సీటు కిందే పెట్టాను. ఆదివారం సాయంత్రం వాన లేకపోతే అత్త తాళం తీసుకుంటుంది. రెడ్డిగూడెం రోడ్డు మీద, గాలికి కళ్ళు చికిలించుకుంటూ, ఇవి బంగినపల్లి, ఇవి పెద్దరసాలు అని చెబుతూ పోతుంది.

నిన్న మలుపు దాటాక ఏమీ చెప్పలేదు. జీపు నెమ్మది చేసి నా వైపు చూసింది. గాలిలో తడిమట్టి వాసన తప్ప ఇంకేం లేదు.

"చిన్నరసాలు," అన్నాను.

అత్త ఆ బలం లేని చెయ్యితోనే నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి హారన్ మీద పెట్టింది.