గోడెక్కి వచ్చిన కోడలు

రొక్కాఫోస్కా ఊరికి కోడళ్లందరూ కోట వాకిట్లోంచే వచ్చారు, ఒక్క ఎర్సీలియా తప్ప. యుద్ధం ముగిసిన కొత్తలో ఆమె గోడెక్కి వచ్చింది. పెళ్లిబట్టల్లో, పొడుగాటి నిచ్చెన మీద, కింద ఊరు ఊరంతా ఈలలు వేస్తుంటే.

తప్పు ఆమెది కాదు, పుట్టినూరిది. లోయకు అవతలున్న వల్లెస్పీనా వాళ్లు ఏ కాలంలోనో ఈ ఊరి మీద పడి మందలు తోలుకుపోయారట. అప్పుడే ఈ కోటగోడ లేచింది. వల్లెస్పీనా మనిషికి వాకిలి తెరవబోమని అప్పుడే ఒట్టు పెట్టుకున్నారు. ఏడువందల ఏళ్లలో శత్రుత్వం పోయింది, పిల్లనిచ్చి పుచ్చుకోవడాలూ మొదలయ్యాయి. ఒట్టు మాత్రం ఒట్టుగానే ఉంది. అందుకని పెద్దలు ఒక ఉపాయం చేశారు. అక్కడి పిల్ల గోడెక్కి రావాలి. ఆ తర్వాత రాకపోకలన్నీ గోడలో మేకలు పోయే కంతలోంచే సాగాలి. తొలిబిడ్డ జ్ఞానస్నానం నాడు అత్తగారు చెయ్యి పట్టుకుని వాకిట్లోంచి నడిపించుకొస్తే, ఇక ఆమె ఈ ఊరి మనిషి.

ఆరోజు నిచ్చెన పట్టుకున్నవాడు పెళ్లికొడుకు స్నేహితుడు క్విరీనో. "జాగ్రత్త వదినా! పప్పు తిని పెరిగిన కాళ్లు, వణుకుతాయేమో!" అన్నాడు. వల్లెస్పీనాలో మసూరు పప్పు తప్ప మరొకటి పండదు.

"నువ్వు వణక్కుండా పట్టుకో, చాలు" అంది ఎర్సీలియా.

పైకెక్కి నిలబడి ఆమె చుట్టూ చూసింది. గోడ మీద ఎద్దుబండి తోలుకుపోవచ్చు, అంత వెడల్పు. ఒక్కొక్క రాయి గంగాళమంత. ఊరంతా చుట్టి మళ్లీ తన కాళ్ల దగ్గరికే వచ్చి కలుస్తోంది. లోయ అవతల తన ఊరు చూస్తే గుప్పెడు కప్పులు, రెండు పొగలు.

"ఇదంతా మావాళ్ల కోసమే కట్టారా!" అని పైకే అనేసింది.

కింద జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే మరి. ఆమె నవ్వలేదు. పప్పు తినే తన ముత్తాతలను చూసి ఇంతలా భయపడ్డారా అని ఒళ్లు జలదరించింది.

మొగుడు సెత్తీమియో మంచివాడు. బిడ్డలు పుట్టలేదు. అత్తగారు రెండో చలికాలంలోనే కన్నుమూసింది. "వాకిట్లోంచి నేను తీసుకెళ్తాను రావే, ఎవడేమంటాడో చూస్తాను" అన్నాడు మొగుడు.

"మొగుడి చెయ్యి లెక్కలోకి రాదు. అత్తగారు లేకపోతే ఊరి ఆడది ఎవరైనా వచ్చి పట్టుకోవాలి. అడిగి పట్టించుకుంటే అదేం మర్యాద?"

ఆమె అడగలేదు, ఊరికి గుర్తు రాలేదు. ఇల్లు కంత పక్కనే కాబట్టి, దగ్గర దారని అటు తిరుగుతోందనుకున్నారు. నడుం వంచి దూరేటప్పుడల్లా ఆమె రాతి మీద అరచెయ్యి ఆనించేది. పొద్దుగూకాక కూడా అది రొట్టెల పొయ్యిలా వెచ్చగా ఉండేది. ఆ గోడను ఆమె ప్రేమించినట్టు అక్కడ పుట్టినవాళ్లెవరూ ప్రేమించలేదు. వాళ్లు దాని మీద బట్టలారేసుకునేవాళ్లు. సెత్తీమియో శవపేటిక వాకిట్లోంచి వెళ్తుంటే ఆమె వెనక్కి తిరిగి కంత వైపు నడిచింది. దుఃఖంలో మతి చలించిందనుకున్నారు. గోడ బయట, మోకాళ్లకు మట్టితో, పెట్టె వెనకాల వచ్చి కలిసింది. అది చూశాక కూడా ఒక్కరికీ తట్టలేదంటే ఆ బుర్రల్ని ఏమనాలి!

ఆమెకు డెబ్బై దాటాక, ఒక వసంతంలో కురిసిన వానలకు గట్టు జారి కంత పూడుకుపోయింది. గోడ చెక్కుచెదరలేదు. ఉదయమే అడవి ఆకుకూరకు వెళ్లిన ఎర్సీలియా తిరిగొచ్చి, మట్టికుప్పను చూసి, బుట్టతో వానలో అక్కడే నిలబడిపోయింది. వాకిలి పిలిస్తే పలికే దూరంలో బార్లా తెరిచి ఉంది.

గోడ మీంచి క్విరీనో చూశాడు. "ఏం వదినా, నిచ్చెన తెమ్మంటావా?" అని నవ్వబోయాడు.

"తే. మోకాళ్లు ఒప్పుకుంటే ఎక్కుతాను."

అతనికి పెళ్లినాటి నిచ్చెన, మేకల కంత, శవపేటిక, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. కుంటుకుంటూ ఇంటికి పోయి పెళ్లాం నూన్సియా మీద అరిచాడు: "ఆమె ఇంకా వాకిలి దాటలేదే! ఇన్నేళ్లూ! మనం గాడిదలమే!"

రొట్టెల పిండి పిసుకుతున్న నూన్సియా చేతులైనా కడుక్కోకుండా వానలో ఎర్సీలియా దగ్గరికి వచ్చింది. "నోరు తెరిచి ఒక్కమాట చెప్పకపోయావా?"

"నువ్వు కళ్లు తెరిచి చూడకపోయావా?"

నూన్సియా పిండి చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది.

గడ్డిబండి పట్టే వాకిలి అది. అందులోనూ ఎర్సీలియా అలవాటుగా నడుం వంచి, తల దించి అడుగుపెట్టింది.

"తలెత్తవే తల్లీ, ఇది కంత కాదు" అంది నూన్సియా ఏడుస్తూ.

ఆమె తలెత్తింది. అంతెత్తున కమాను రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకుని, కింద ఏ ఊతమూ లేకుండా నిలిచి ఉన్నాయి. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. అరుపులు విని చుట్టూ చేరిన జనం ఎవరూ తొందరపెట్టలేదు.

"ఇదంతా మావాళ్ల కోసమే కట్టారా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. క్విరీనో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"అవును వదినా, మీకోసమే" అన్నాడు.