కొల్లేటి చేపలు చెప్పిన జాతకం

నిరుడు నా భుజం మీద గడ్డ లేచింది. "అరుదైన కణితిలా ఉందమ్మా. ముక్క పరీక్ష రిపోర్టు వస్తేగానీ ఏమీ చెప్పలేను" అన్నారు ఏలూరు డాక్టరుగారు. పాపం, అంత చదివీ చెప్పలేకపోయారు!

కొల్లేరులో చేపల చెరువులున్న మా బాబాయి మాత్రం పరామర్శకొచ్చి, గడ్డను వేలితో నొక్కి అక్కడికక్కడే తేల్చేశారు. "మా చేపలకీ ఇలాగే లేచిందండీ అల్లుడుగారూ! వారం తిరక్కుండా అన్నీ చచ్చి తేలాయి."

మా వారి చేతిలో కాఫీ ఒలికిపోయింది. నేను పాపకి జడ వేస్తూ ఏడ్చేశాను.

కణితి అరుదైనదే కానీ ఎక్కడికీ పాకలేదని రిపోర్టు వచ్చింది. ఆపరేషన్ చేసి తీసేశారు. "ఏం కాదని ముందే అన్నాను కదమ్మా!" అన్నారు బాబాయి.

మొన్న ఆయన మెడ మీద గడ్డ లేచింది. డాక్టరుగారి అడ్రసు కోసం పరుగున వచ్చారు. "ఉండండి బాబాయ్, నొక్కి చూసి చెబుతాను" అన్నాను.

దగ్గరికి కూడా రానివ్వలేదు.