హుండీలో పడిన తేలుకాటు వ్యాసం

నేను మాడబెట్టిన సంగటి, పగలగొట్టిన ఊరగాయ జాడీ, దొడ్డి తలుపు వేయడం మరచి పక్కింటి బర్రెకు మేపిన పెసలు, ఇవన్నీ కలిపి తక్కెడలో ఒకవైపు వేసి, ఇప్పుడు చెప్పబోయేది ఇంకోవైపు వేస్తే, రెండో తట్టే నేలకు తగులుతుంది. ఒక డాక్టరు ఏళ్ల తరబడి పడిన కష్టాన్ని, అదీ సంగటి కెలుకుతూ, ఒక్క నిమిషంలో ఏడుకొండలవాడి పాలు చేసిన ఘనత నాది. నవ్వండి, ఫరవాలేదు. నాకు మాత్రం నవ్వు రావడానికి చాలా రోజులు పట్టింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం ఆఖరు రోజులు. మేం తిరుపతిలో ఉండేవాళ్లం. మా ఆయన ఎల్.ఎం.పి. అనే చిన్న పట్టా చదివిన డాక్టరు. పేరు అడక్కండి, అప్పుడూ పలకలేదు, ఇప్పుడూ నోరు రాదు. వీధివైపు గదిలో ఆసుపత్రి, వెనక గదుల్లో సంసారం. వేరుశెనగ పీకే కాలం వస్తే చాలు, చుట్టుపక్కల పల్లెల నుంచి తేలు కుట్టినవాళ్లను బండ్ల మీద తెచ్చేవారు. ఒకసారి ఏర్పేడు వైపు నుంచి ఒక పాపను తెచ్చారు. ఒళ్లంతా చెమట, చేతులూ కాళ్లూ చల్లబడిపోయాయి. బతకలేదు. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. అప్పటి నుంచి తేలు కుట్టిన ప్రతి బిడ్డ పక్కనా కూర్చుని, నాడి ఎలా ఉంది, ఏం చేస్తే తేరుకుంది, అన్నీ కనిపెట్టి చూసేవారు. తర్వాత వచ్చిన పిల్లల్లో చాలామంది తమ కాళ్ల మీద తాము నడిచి ఇంటికి పోయారు.

అంతలో మద్రాసులో డాక్టర్ల మహాసభ జరుగుతుందని తెలిసింది. చెప్పదలచుకున్నదాని సారాంశం ముందుగా రాసి పంపితే, నచ్చినవాళ్లను పిలిచి మాట్లాడిస్తారట.

"పెద్ద పట్టాలున్నోళ్ల ముందర నన్ను నిలబడనిస్తారో లేదో మంగా. అయినా ఈ సంగతి నలుగురు డాక్టర్ల చెవిన పడితే, ఇంకో ఊర్లో ఇంకో పాప బతుకుతాది" అన్నారు.

సారాంశం అరకాగితం దాటకూడదని వాళ్లు రాశారు. మా ఆయన అరకాగితంలో ఆగే మనిషా? మాత్ర ఎట్లా మింగాలో చెప్పమంటే బావి తవ్వడం నుంచి మొదలుపెట్టే మనిషి! కాగితం కరువు కాలం కాబట్టి పలక మీద రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. తేళ్లలో రకాలెన్ని, ఏ తేలు ఏ రాయి కింద కాపురం ఉంటుంది, దాని బొమ్మ, దాని తోక బొమ్మ. అన్నీ మంచి కాగితాల మీదికి ఎక్కించేసరికి ఇటుకరాయంత కట్ట తయారైంది.

"అరకాగితమే అన్నారంటిరి గదా?" అన్నాను.

"నీకేం తెలుసే! పెండ్లికి పిలిచినోళ్లు 'రవంత తిని పోండి' అంటారు. రవంతే తిని వస్తామా? ఇదీ అంతే, మర్యాదకు రాస్తారు."

నాది మూడో తరగతి చదువు. పోయి పొయ్యి రాజేసుకున్నాను.

ఆయన ఆ కట్టను కవరులో కుక్కి, అంటించి నా చేతికిచ్చారు. "రేపు మధ్యానం టపాకు పోవాల. అది తప్పితే ఇంక లేదు. బద్రంగా పెట్టు."

మా ఇంట్లో భద్రమంటే దేవుడి గూడే. అక్కడ అప్పటికే మా అత్త ముడుపు ఉంది. కొడుకు పరీక్ష గట్టెక్కితే కొండకు పంపుతానని మొక్కి, పసుపుగుడ్డలో రూపాయలూ పసుపుకొమ్మూ కట్టి పెట్టింది. కొడుకు గట్టెక్కాడు, పెళ్లీ చేసుకున్నాడు, ముడుపు మాత్రం గూడు దిగలేదు. పక్కనే ఆ గుడ్డలో మిగిలిన ముక్క కనిపించేసరికి నాకు భక్తి పాలపొంగులా పొంగింది. పసుపుగుడ్డలో స్వామి దగ్గర నిద్ర చేసి వచ్చిన కాగితాన్ని మద్రాసువాళ్లు కాదనగలరా? కవరును మూటకట్టి ముడుపు పక్కన పెట్టాను. దండం కూడా పెట్టాను. బుద్ధి పెట్టడం ఒక్కటే మరిచాను.

తెల్లారింది. పక్కింటి మునెమ్మక్క కొండకు పోతూ గుమ్మంలో నిలబడింది. "మంగా, మీ అత్త ముడుపు తీసకపొమ్మనింది. బిన్నా ఇయ్యి, పొద్దెక్కతా ఉండాది!"

దొడ్లో నీళ్లు పోసుకుంటున్న అత్త అక్కడి నుంచే అరిచింది. "గూట్లో పసుపుగుడ్డ మూట ఉండాది, ఇచ్చి పంపే!"

పొయ్యి మీద సంగటి కుతకుతలాడుతోంది. చేతిలో తెడ్డు అట్లాగే ఉంది. కన్ను కుండ మీద ఉంచి, చెయ్యి గూట్లోకి చాపి, అందిన మూట ఇచ్చేశాను. చేతికి బరువు తెలియలేదా అంటారా? ఎందుకు తెలియదు! మునెమ్మక్కకూ తెలిసింది.

"ఏమ్మే, మీ అత్త మొక్కు బో బరువుండాదే!"

"ఒక్క కొడుకు గదక్కా" అన్నాను గొప్పగా. అది నిజంగా అరకాగితమే అయ్యుంటే దూదిలా తేలిపోయి అక్కడే బయటపడేది కదా!

రోగులు వెళ్లిపోయాక ఆయన కవరు తెమ్మన్నారు. మూట విప్పాను. రూపాయలు గలగలా రాలాయి. పసుపుకొమ్ము దొర్లుకుంటూ పోయి ఆయన చెప్పు దగ్గర ఆగింది.

"ఇదేందే?"

"ముడుపండీ."

"మరి నా వ్యాసం యాడ?"

"కొండకు... పోతా ఉండాది."

"కొండకా! స్వామికి తేలు కుట్టిందని కబురొచ్చిందా నీకు?"

"నోరు కడుక్కోరా!" అని అత్త కొడుకును కసిరి నా మీదికి తిరిగింది. "నువ్వేందే, ఇచ్చేటప్పుడు సూసుకోవద్దా?"

"పసుపుగుడ్డ మూటని మీరే గదత్తా అంటిరి!"

"గూట్లో మూట పిల్లను పెట్టిందని నాకు కలొచ్చిందా?"

జట్కా కట్టించుకుని ఇద్దరం అలిపిరికి పరుగెత్తాం. మునెమ్మక్క మోకాళ్ల నొప్పుల మనిషి, మొదటి మెట్ల మీదే దొరుకుతుందని నా ధైర్యం.

"మునెమ్మా?" అంది అక్కడ పూలమ్మే ఆమె. "బస్సులో పాయె గదమ్మా. ఈపాటికి దర్శనం కూడా అయ్యుంటాది."

కొండకు బస్సు పడిన కొత్త. ఎక్కితే కళ్లు తిరుగుతాయని దాని మొహం కూడా చూడని మనిషి, సరిగ్గా ఆ రోజే ఎక్కింది!

ఆయన మెట్టు మీద కూలబడ్డారు. నా కళ్లు కుళాయిలయ్యాయి. "మళ్లీ రాయండి" అన్నాను.

"కాగితం యాడిది? పలకంతా తుడిచేస్తిని."

అయినా ఎక్కడికి పోయినా వెంట ఉండే మందుల పెట్టె తెరిచి వెతికారు. అడుగున ఒక కాగితం దొరికింది. చీటీలకు చించగా సగం మిగిలింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పారు. "దీంట్లో తేళ్ల రకాలకే చోటు సాలదు గదే!"

"తేళ్లను వదిలేయండి. పిల్లల్ని రాయండి. ఆ పాపకు ఏమాయె, మిగిలినోళ్లు ఎట్ల లేసినారు, అది రాయండి."

"డాక్టరు సామీ, టపా ఎల్లిపోతాది!" అని జట్కా సాయిబు కేక.

పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆయన గబగబా రాశారు. కాగితం అయిపోయింది, అక్కడే ఆగారు. కవరు కొని అంటించి, టపా సంచి మూతి కడుతుండగా అందులో వేయించాం.

సాయంత్రం మునెమ్మక్క ప్రసాదం తెచ్చింది. "కండ్లకద్దుకోని హుండీలో ఏసినా మంగా. ఎంత మోత చేసిందో!" ఆయన ప్రసాదం నోట్లో వేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నారు.

కొన్నాళ్లకు మద్రాసు నుంచి జాబు వచ్చింది. ఆయన చదివి, నన్ను చూసి, మళ్లీ చదివారు. చాలామంది అరకాగితం కొలత మీరి రాయడంతో, వాళ్లవి చదవకుండానే తిప్పి పంపారట. మాది మాత్రం క్లుప్తంగా, తేటగా ఉందట. వచ్చి మాట్లాడమన్నారు.

"సూసినావా? పెద్దది స్వామి పెట్టుకోని, చిన్నది మద్రాసుకు పంపించినాడు" అంది అత్త.

ఆయన వెళ్లి మాట్లాడి వచ్చారు. నెల్లూరు వైపు డాక్టరొకాయన లేచి, తమ ఊరి పిల్లలకూ ఇట్లాగే చేసి చూస్తానని అంతా రాసుకున్నాడట. అది చెబుతూ ఆయన సంగటి రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఆ రోజే నేను దేవుడి గూటి ముందు, సంగటి తెడ్డు చేతపట్టుకుని ఒట్టు పెట్టుకున్నాను. ఊపిరి ఉన్నంతవరకు, విప్పి చూడకుండా పసుపుగుడ్డ మూట ఎవరి చేతికీ ఇవ్వనని.

మరుసటి ఏడు మళ్లీ మహాసభ వచ్చింది. మళ్లీ ఇటుకరాయంత కట్ట తయారైంది. ఆయన దాన్ని వీపు వెనక దాచుకుని, టపాకు రాసిన అరకాగితం ఇంకో చేత్తో పట్టుకుని వంటింటి గడపలో నిలబడ్డారు.

"మంగా, మునెమ్మక్క కొండకెప్పుడు పోతాది?"

ఒట్టంటే ఒట్టే. ఆ కట్టను పసుపుగుడ్డలో మూటకట్టాను. మునెమ్మక్క రాగానే పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని మూట విప్పి చూసుకున్నాను. తేళ్ల బొమ్మలన్నీ భద్రంగా ఉన్నాయి. మళ్లీ గట్టిగా ముడివేసి, అత్త ముడుపుతో పాటు ఆమె చేతిలో పెట్టాను.